గోతిక్ భాష, గోత్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

గోతిక్ అంటే ఏ భాష? ఎవరు మాట్లాడేవాళ్ళు?

యూరప్‌లో ఒకప్పుడు గోత్‌లు అనే జనం ఉండేవాళ్ళు, వాళ్ళ భాష గోతిక్. ఇంగ్లీషు, జర్మన్, డచ్, స్వీడిష్ ఉన్న జర్మానిక్ కుటుంబంలోదే ఇది, కాకపోతే ఆ కుటుంబంలో తూర్పు శాఖకు చెందింది. ఆ తూర్పు శాఖలో వాండల్‌ల భాష, బర్గండియన్‌ల భాష కూడా ఉండేవి గానీ వాటిలో పేర్లు, ఒకటీ అరా మాటలు తప్ప ఏమీ దక్కలేదు. చదువుకోవడానికి సరిపడా పాఠం మిగిలింది ఒక్క గోతిక్‌కే. ఇప్పుడు ఆ శాఖ మొత్తం అంతరించిపోయింది, గోతిక్ మాతృభాషగా ఉన్నవాళ్ళు ప్రపంచంలో ఒక్కరూ లేరు.

అయినా భాషాశాస్త్రం చదివే ప్రతి ఒక్కరూ దీని దగ్గర ఆగాల్సిందే. ఎందుకంటే జర్మానిక్ భాషల్లో పేజీలకు పేజీలు దొరికే అత్యంత పాత రాత ఇదే. ఆ రాతలో ఎక్కువ భాగం బైబిల్ అనువాదం, అది జరిగింది 4వ శతాబ్దంలో. పాత ఇంగ్లీషులో చెప్పుకోదగ్గ రచనలు రావడానికి అప్పటికింకా మూడు వందల ఏళ్ళ పైనే ఉంది.

గోతిక్ అంటే ఎత్తైన చర్చిలు, నల్ల బట్టలు, దెయ్యాల కోటల కథలు కదా?

ఈ ప్రశ్న అందరూ అడుగుతారు. వాటికీ ఈ జనానికీ సంబంధం పేరు వరకే. నోట్రడామ్ లాంటి చర్చిలు 12వ శతాబ్దం నుంచి కట్టారు, అప్పటికి గోత్‌ల రాజ్యాలు పోయి నాలుగైదు వందల ఏళ్ళు దాటింది. 16వ శతాబ్దపు ఇటలీలో పాత రోమన్ పద్ధతిని ఆరాధించేవాళ్ళు, జార్జియో వసారి లాంటివాళ్ళు, ఆ చర్చిల తీరు నచ్చక "ఇది రోమ్‌ను పాడుచేసిన అనాగరికుల పద్ధతి" అనే అర్థంలో తిట్టుగా ఆ ముద్ర వేశారు. తిట్టు కాస్తా పేరై కూర్చుంది. 18వ శతాబ్దంలో అలాంటి పాత కోటల్లో జరిగే భయం కథలకు అదే పేరు, 20వ శతాబ్దం చివర్లో ఒక రకం సంగీతానికీ నల్ల దుస్తులకూ అదే పేరు. వీటిలో దేనికీ గోత్‌లు బాధ్యులు కారు.

వాళ్ళు అసలు ఎక్కడి నుంచి వచ్చారు?

551లో జోర్డానెస్ అనే ఆయన కాన్‌స్టాంటినోపుల్‌లో ఉండి గోత్‌ల చరిత్ర లాటిన్‌లో రాశాడు. బెరిగ్ అనే రాజు వెంట మూడు ఓడల్లో స్కాండ్జా అనే దీవి నుంచి, అంటే స్కాండినేవియా నుంచి, బయల్దేరారని ఆయన చెప్తాడు. ఆయన రాసేటప్పటికి ఆ సంఘటన జరిగి ఎన్నో శతాబ్దాలు అయ్యుంటుంది కాబట్టి మూడు ఓడల సంగతి అక్షరాలా నమ్మక్కర్లేదు. తవ్వకాల ఆధారంగా గట్టిగా చెప్పగలిగేది: క్రీస్తుశకం మొదటి రెండు శతాబ్దాల్లో ఇప్పటి పోలండ్‌లో విస్తులా నది దగ్గర ఉన్నారు, 3వ శతాబ్దానికి నల్లసముద్రం ఉత్తరాన, ఇప్పటి ఉక్రెయిన్, మాల్దోవా, రొమేనియా ప్రాంతాల్లో స్థిరపడ్డారు. అక్కడి నుంచే రోమన్ సామ్రాజ్యం మీద దాడులకు దిగారు.

విసిగోత్‌లు, ఆస్ట్రోగోత్‌లు వేరువేరా?

రాజ్యాలు వేరు, భాష దాదాపు ఒకటే. 4వ శతాబ్దంలో ఈ పేర్లు ఇంకా స్థిరపడలేదు, అప్పట్లో డాన్యూబ్ వైపు ఉన్నవాళ్ళను తెర్వింగి అనీ, తూర్పున గడ్డిభూముల్లో ఉన్నవాళ్ళను గ్రూతుంగి అనీ అనేవాళ్ళు. తర్వాత కాలంలో ఫ్రాన్స్ దక్షిణం, స్పెయిన్ ఏలినవాళ్ళు విసిగోత్‌లు, ఇటలీ ఏలినవాళ్ళు ఆస్ట్రోగోత్‌లు అయ్యారు. పాతవాళ్ళలో ఎవరు ఎవరయ్యారన్నది సూటిగా గీత గీసి చెప్పేంత సులువు కాదు, దారిలో జనం కలిశారు, విడిపోయారు, మళ్ళీ కలిశారు.

రోమ్‌ను నాశనం చేసింది వీళ్ళేనా?

దోచింది నిజం. ఆ ఒక్క ముక్కా చెప్పి ఆపేస్తే మాత్రం అన్యాయం, ముందు ఏం జరిగిందో చూడాలి.

370ల్లో తూర్పు నుంచి హూణులు వచ్చి పడ్డారు. 376లో గోత్‌లు పిల్లాజెల్లాతో డాన్యూబ్ ఒడ్డుకు చేరి, దాటనివ్వమని రోమన్ చక్రవర్తి వాలెన్స్‌ను వేడుకున్నారు. అనుమతి దొరికింది, తిండి మాత్రం దొరకలేదు. అక్కడి రోమన్ అధికారులు ఆకలిని వ్యాపారం చేసుకున్నారని రోమన్ చరిత్రకారుడు అమ్మియానుస్ మార్సెల్లినుసే రాశాడు: ఊళ్ళలో కుక్కలను పట్టించి, ఒక కుక్కకు ఒక మనిషిని బానిసగా తీసుకున్నారట, అలా పోయినవాళ్ళలో గోత్ నాయకుల పిల్లలు కూడా ఉన్నారట. ఇది శత్రువు పక్షాన ఉన్న మనిషి రాసిన మాట, ఆయన సైన్యంలో పనిచేసినవాడు కూడా. రెండేళ్ళకు, 378 ఆగస్టు 9న, అడ్రియానోపుల్ దగ్గర, అంటే ఇప్పటి టర్కీలోని ఎదిర్నె దగ్గర, గోత్‌లు తిరగబడి రోమన్ సైన్యాన్ని తుడిచిపెట్టారు. చక్రవర్తి వాలెన్స్ ఆ యుద్ధంలోనే పోయాడు.

410 ఆగస్టులో అలారిక్ నాయకత్వంలో రోమ్ నగరంలోకి దిగి మూడు రోజులు దోచుకున్నారు. పీటర్, పాల్ చర్చిల్లో తలదాచుకున్నవాళ్ళ జోలికి పోలేదు, వాళ్ళూ క్రైస్తవులే మరి. 476లో పడమటి సామ్రాజ్యపు చివరి చక్రవర్తిని దించింది గోత్ రాజు కాదు, రోమన్ సైన్యంలోని సేనాని ఒడొయాకర్. ఆ ఒడొయాకర్‌ను 493లో రవెన్నాలో విందుకు పిలిచి చంపి ఇటలీ గద్దెనెక్కింది ఆస్ట్రోగోత్ రాజు థియొడోరిక్. చంపిన తీరు ఘోరమే గానీ, తర్వాత 526 దాకా ఆయన ఏలిన ముప్పై మూడేళ్ళలో రోమన్ చట్టం, సెనేట్, పాత కట్టడాలు అన్నీ నిలబడ్డాయి. నాశనం చేసినవాళ్ళు అనే మాట ఆయన కాలానికి అస్సలు నప్పదు.

ఉల్ఫిలా ఎవరు?

గోతిక్ మనకు తెలుసంటే ఈయన వల్లే. పుట్టింది దాదాపు 311లో, పోయింది 383లో. గోతిక్‌లో పేరు వుల్ఫిలా, "చిన్న తోడేలు" అని. గ్రీకులు, రోమన్లు ఉల్ఫిలా అన్నారు. (హూణ రాజు అత్తిలా పేరు కూడా ఇదే అచ్చులో ఉంది, "అత్తా" అంటే గోతిక్‌లో తండ్రి, "అత్తిలా" అంటే చిన్న తండ్రి అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.) ఆయన పూర్వీకులు గోత్‌లు కారు. ఇప్పటి టర్కీ మధ్యలోని కప్పడోకియా మీద 3వ శతాబ్దంలో గోత్‌లు దాడి చేసి చెరపట్టి తెచ్చిన క్రైస్తవ కుటుంబం వాళ్ళది. చెరపట్టబడ్డవాళ్ళ మనవడు, పట్టినవాళ్ళ భాషకు లిపి ఇచ్చాడు. ఈ విషయం చదివిన ప్రతిసారీ నాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది.

ఆయన్ని బిషప్‌గా నియమించింది నికొమీడియా యూసెబియస్. గోత్ పెద్దలు క్రైస్తవులను హింసించడం మొదలుపెట్టాక, దాదాపు 348లో, తన వాళ్ళను వెంటబెట్టుకుని డాన్యూబ్ దాటి ఇప్పటి బల్గేరియాలో స్థిరపడ్డాడు. గ్రీకు, లాటిన్, గోతిక్ మూడింట్లోనూ బోధించేవాడని శిష్యుడు ఔక్సెంటియస్ రాశాడు. బైబిల్‌ను గ్రీకు నుంచి గోతిక్‌లోకి తెచ్చాడు. ఒక్క "రాజుల" గ్రంథాలు మాత్రం వదిలేశాడని చరిత్రకారుడు ఫిలొస్టోర్గియస్ చెప్తాడు, కారణం: వాటి నిండా యుద్ధాలే, గోత్‌లకు యుద్ధం అసలే ఇష్టం, ఇంకా ఎగదోయడం ఎందుకని.

ఆయన ఏరియన్ మతశాఖ వాడు, అంటే కుమారుడు తండ్రికి సమానుడు కాదు, తండ్రి కన్నా తక్కువ అని నమ్మే శాఖ. ఇదేదో చర్చి గొడవ అని దాటేయకండి. భాష ఎలా పోయిందో తెలియాలంటే ఈ సంగతి గుర్తుండాలి, కింద మళ్ళీ వస్తాను.

ఆ లిపి ఎలా ఉంటుంది?

27 గుర్తులు. వాటిలో రెండు అంకెలకే, 90కీ 900కీ, అవి మాటల్లో రావు. గ్రీకులో లాగే మిగతా అక్షరాలు కూడా అంకెలుగా పనికొస్తాయి. చాలావరకు గ్రీకు రూపాలు, కొన్ని లాటిన్ నుంచి, ఒకటి రెండు రూనిక్ గీతల నుంచి (రాయి, కొయ్య, లోహం మీద చెక్కే జర్మానిక్ జనాల పాత లిపి) తీసుకున్నాడు. అంతకు ముందు గోత్‌లు రూనిక్‌లో ఏవో చిన్నచిన్న రాతలు చెక్కేవాళ్ళు, రొమేనియాలో 1837లో దొరికిన పియెత్రోస్సా బంగారు కడియం మీద ఉన్నది అలాంటిదే. పుస్తకం రాయడానికి అది చాలదు కాబట్టి కొత్త లిపి కావాల్సి వచ్చింది. 2001 నుంచి యూనికోడ్‌లో ఉంది, ఫాంట్ ఉంటే ఫోన్‌లో కూడా కనిపిస్తుంది.

వెండి పుస్తకం అని అంటారు, అదేంటి?

కోడెక్స్ అర్జెంటియస్, అంటే వెండి గ్రంథం. ఉల్ఫిలా చేతిరాత కాదు ఇది, ఆయన పోయిన వందేళ్ళ పైన, 6వ శతాబ్దం మొదట్లో, ఇటలీలో, బహుశా రవెన్నాలో థియొడోరిక్ ఆస్థానం కోసం రాసిన ప్రతి. పల్చటి తోలు కాగితానికి ఊదారంగు పట్టించి, దాని మీద వెండి సిరాతో రాశారు, సువార్తలు మొదలయ్యే చోట్లా ముఖ్యమైన వాక్యాల దగ్గరా బంగారు సిరా. ఊదారంగు అప్పట్లో చక్రవర్తుల రంగు. నాలుగు సువార్తలు ఉంటాయి, వరుస మాత్రం మత్తయి, యోహాను, లూకా, మార్కు.

తర్వాత ఎన్నో శతాబ్దాలు దీని జాడ తెలియదు. 16వ శతాబ్దంలో జర్మనీలోని వెర్డెన్ మఠంలో బయటపడింది. అక్కడి నుంచి ప్రాగ్‌లో చక్రవర్తి కొలువుకు చేరింది, 1648లో స్వీడన్ సైన్యం ప్రాగ్‌ను దోచినప్పుడు స్టాక్‌హోమ్‌కు, రాణి క్రిస్టీనా లైబ్రరీ నుంచి నెదర్లాండ్స్‌కు, 1662లో స్వీడన్ ప్రభువు డె లా గార్డీ కొని మళ్ళీ స్వీడన్‌కు. 1669లో ఆయన ఉప్సాలా విశ్వవిద్యాలయానికి ఇచ్చేశాడు, ఇప్పటికీ అక్కడే ఉంది. మొదట 336 ఆకులు ఉండేవి, మిగిలింది 188. అందులో 187 ఉప్సాలాలో ఉంటే, ఒక్క ఆకు మాత్రం 1970లో జర్మనీలోని స్పేయర్ చర్చిలో దొరికింది, మార్కు సువార్త చివరి ఆకు అది. 1995లో ప్రదర్శనలో ఉన్న ఆకులను దొంగలు ఎత్తుకుపోతే నెల తర్వాత స్టాక్‌హోమ్ రైల్వే స్టేషన్ లాకర్‌లో దొరికాయి. ఆ నెల రోజులు ఉప్సాలాలో ఎంత టెన్షన్ పడి ఉంటారో!

బైబిల్ తప్ప ఇంకేమీ లేదా?

ఉంది, కొంచెం. మిలాన్‌లోని అంబ్రోజియన్ లైబ్రరీలో 1817లో ఆంజెలో మాయ్ కొన్ని లాటిన్ పుస్తకాల కింద గోతిక్ అక్షరాలు గమనించాడు. పాత తోలు పేజీని గీకేసి మళ్ళీ వాడుకునే అలవాటు అప్పట్లో ఉండేది. పౌలు లేఖలు చాలా వరకు మనకు దక్కింది అలా గీకేసిన పేజీల్లోంచే. యోహాను సువార్తకు ఒక వ్యాఖ్యానం ముక్కలుగా ఉంది, ఒక క్యాలెండర్ ముక్క ఉంది. ఈజిప్టులో దొరికిన ఒక లాటిన్, గోతిక్ ఆకు జర్మనీలో బ్యాంకు లాకర్ గదిలో దాచితే 1945లో నీళ్ళు చేరి పాడైపోయింది. బొలొన్యాలో మరో గీకేసిన పేజీల జత బయటపడింది, 2013లో ప్రకటించారు. అంటే ఇంకా దొరికే అవకాశం ఉందన్న మాట.

వీటన్నిట్లో నాకు బాగా ఇష్టమైనది ఒక అమ్మకం దస్తావేజు. 551, రవెన్నా. అప్పటికి గోత్‌లు యుద్ధంలో ఓడిపోతున్నారు. ఊళ్ళో ఉన్న వాళ్ళ చర్చి, సెయింట్ అనస్తాసియా, అప్పుల్లో ఉంది. చర్చి వాళ్ళంతా కలిసి చిత్తడి నేల ఒకటి అమ్మేశారు. దస్తావేజు లాటిన్‌లోనే ఉంది, సంతకాలు కూడా ఎక్కువమంది లాటిన్‌లోనే చేశారు, నలుగురు మాత్రం గోతిక్‌లో చేశారు. "ఇక్ ఉఫితహరి పాపా ఉఫ్‌మేలిద హందౌ మీనై" అని మొదలవుతుంది ఒకటి, అంటే ఉఫితహరి అనే పూజారిని నేను, నా చేత్తో సంతకం పెట్టాను, అరవై నాణేలు ఇప్పుడు పుచ్చుకున్నాం, నూట ఇరవై ఇంతకు ముందే పత్రం మీద తీసుకున్నాం, ఈ చిత్తడి నేల ఖరీదు అది, అని. సంతకం పెట్టిన నలుగురిలో ఇద్దరు "బోకారీస్", అంటే లేఖకులు. అందులో విల్యరిథ్ అనే ఆయన అదే ఊళ్ళో పుస్తకాలు నకలు రాసే ఒక పనిశాల పెద్దే అయ్యుండొచ్చని కొందరు పండితులు అనుకుంటారు. మామూలు మనుషులు తమ అప్పు గురించి, డబ్బు గురించి తమ భాషలో రాసుకున్న మాట ఇది. దేవుడి మాటల మధ్య ఇది దొరకడం నాకు పెద్ద ఊరట.

మిగిలిందంతా అనువాదమే అయితే అసలు గోతిక్ ఎలా ఉండేదో ఎలా తెలుస్తుంది?

మంచి ప్రశ్న. అనువాదం గ్రీకును మాట వెంట మాటగా అనుసరిస్తుంది, కాబట్టి గోత్‌లు ఇంట్లో వాక్యం ఏ వరుసలో మాట్లాడేవాళ్ళో దీన్ని చూసి చెప్పలేం. గ్రీకు దారి వదిలి గోతిక్ సొంతంగా నడిచిన చోట్లను వెతకాలి. ఒక ఉదాహరణ చూడండి. యోహాను సువార్త 10వ అధ్యాయంలో "నేనూ నా తండ్రీ ఒక్కటే" అనే మాట ఉంది. గ్రీకులో అక్కడ క్రియ బహువచనం, ఎందుకంటే ఆ కాలపు గ్రీకులో ద్వివచనం పోయింది. గోతిక్‌లో "ఇక్ యాహ్ అత్తా మీన్స్ ఐన్ సియు" అని ఉంది. ఆ "సియు" ద్వివచనం! ఇద్దరే కాబట్టి అనువాదకుడి చెయ్యి తనంతట తానే ద్వివచనం రాసింది. గ్రీకు నుంచి రాలేదు కాబట్టి ఇది ఖాయంగా గోత్‌ల నోట్లో ఉన్న మాట.

వినడానికి ఎలా ఉంటుంది?

పరలోక ప్రార్థన మొదటి మాటలు ఇవి: "అత్తా ఉన్సర్, థు ఇన్ హిమినమ్, వీహ్నై నమో థీన్." వరుసగా చూస్తే అత్తా తండ్రి, ఉన్సర్ మా, థు నువ్వు, ఇన్ హిమినమ్ ఆకాశాల్లో, వీహ్నై పవిత్రం కావాలి, నమో పేరు, థీన్ నీ. మన బైబిల్లో "పరలోకమందున్న మా తండ్రీ, నీ నామము పరిశుద్ధపరచబడు గాక". ఇక్కడ "థ" అని నేను రాస్తున్నది మన "కథ"లో థ కాదు, ఇంగ్లీషు "థింక్"లో నాలుక పళ్ళ మధ్య పెట్టి పలికేది. మన "అత్త"కూ దీనికీ చుట్టరికం లేదు, శబ్దం కలిసిందంతే.

సంస్కృతంతో పోలికలు ఉన్నాయంటారు, నిజమేనా?

నిజమే, అదీ చాలా లోతుగా. గోతిక్, సంస్కృతం రెండూ ఇండో-యూరోపియన్ కుటుంబం. సంస్కృతం మాటలు తెలుగులో బోలెడు కాబట్టి మనకు కొన్ని చూడగానే పట్టుబడతాయి: "బ్రోథర్" భ్రాతృ, "సునుస్" సూనుడు, "నమో" నామం, "విదువో" విధవ, "మిద్యిస్" మధ్య, "ఫోతుస్" పాదం, "తున్‌థుస్" దంతం, "క్నియు" జానువు, "ఇస్త్" అస్తి, "సింద్" సంతి. అంకెలు కూడా: "త్వై" ద్వి, "థ్రీస్" త్రి, "సిబున్" సప్త, "నియున్" నవ, "తెహున్" దశ.

ఇది అక్కడక్కడా శబ్దం కలవడం కాదు, వెనక ఒక నియమం ఉంది. సంస్కృతంలో ప ఉన్న చోట గోతిక్‌లో ఫ (పాదం, ఫోతుస్), త ఉన్న చోట థ (త్రి, థ్రీస్), ద ఉన్న చోట త (దశ, తెహున్). 1822లో జాకబ్ గ్రిమ్ దీన్ని సూత్రంగా చెప్పాడు, అందులో ఆయనకు ముఖ్యమైన ఆధారం గోతిక్. వ్యాకరణంలోనూ పోలికే. సంస్కృతంలో "కృ" భూతకాలంలో "చకార" అయినట్టు, మొదటి అక్షరం రెట్టించడం గోతిక్‌లోనూ ఉంది: "హైతన్" అంటే పిలవడం, "హెహైత్" అంటే పిలిచాడు. ఇంగ్లీషు, జర్మన్ ఈ పద్ధతిని ఎప్పుడో పోగొట్టుకున్నాయి.

ఈ చుట్టరికం గురించి బహిరంగంగా చెప్పిన తొలి మాటల్లో ఒకటి మన దేశంలోనే పలికింది. 1786 ఫిబ్రవరి 2న కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చాయని చెప్తూ, గోతిక్ కూడా అక్కడిదే అనుకోవడానికి కారణం ఉందన్నాడు.

అయితే తెలుగు కూడా గోతిక్‌కు చుట్టమేనా?

కాదు. పైన చెప్పిన నామం, పాదం, దంతం మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. మన సొంత మాటలు పేరు, కాలు, పల్లు. అవి ద్రావిడం, గోతిక్‌తో ఎక్కడా కలవవు. ఈ తేడా తేలిన సంవత్సరం కూడా తెలుసు: 1816. ఆ ఏడాదే జర్మనీలో ఫ్రాంజ్ బాప్ సంస్కృత క్రియలను గ్రీకు, లాటిన్, పర్షియన్, జర్మానిక్ క్రియలతో పోల్చి పుస్తకం వేశాడు. అదే ఏడాది మద్రాసులో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం ముందుమాటలో ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళం, కన్నడం దీని తోబుట్టువులని ధాతువుల పట్టికలు వేసి మరీ చూపించాడు. ఎక్కడో డాన్యూబ్ ఒడ్డు భాష సంస్కృతానికి చుట్టం, పక్కనే రెండు వేల ఏళ్ళు కలిసి ఉన్న తెలుగు కాదు. సోషల్ మీడియాలో "అన్ని భాషలూ సంస్కృతం నుంచే" అనే పోస్టులు చూసినప్పుడల్లా ఈ 1816 సంగతి గుర్తుచేయాలనిపిస్తుంది.

ఇంగ్లీషుకూ జర్మన్‌కూ గోతిక్ తల్లా?

కాదు, పెద్దమ్మ వరస అనుకోండి. తల్లి వేరే, ఆ తల్లికీ గోతిక్‌కూ కూడా తల్లి అయిన మూల జర్మానిక్‌లో రాతలు దాదాపు లేవు. అందుకే ఆమె ఎలా ఉండేదో ఊహించడానికి గోతిక్ మీద ఇంతగా ఆధారపడతారు.

భాష ఎలా పోయింది?

యుద్ధాల్లో ఓడిపోయారు కాబట్టి పోయింది అని చాలా చోట్ల రాస్తారు. నాకు అది సగం జవాబు అనిపిస్తుంది. ఇటలీ విషయంలో అది నిజమే: 535లో తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్ మొదలుపెట్టిన యుద్ధం దాదాపు ఇరవై ఏళ్ళు సాగి, 552లో రాజు తొతిలా, వెనువెంటనే తెయా పోయాక ఆస్ట్రోగోత్‌ల రాజ్యం మిగల్లేదు. మరి స్పెయిన్‌లో? అక్కడ విసిగోత్‌లు 711 దాకా ఏలారు. రాజ్యం చేతిలో ఉండగానే భాష జారిపోయింది. ఎందుకంటే గోతిక్‌కు రాతలో ఉన్న చోటు ఒక్కటే, ఏరియన్ చర్చి. చట్టాలు లాటిన్‌లో, లెక్కలు లాటిన్‌లో, చుట్టూ ఉన్న జనంలో నూటికి తొంభై మందికి పైగా లాటిన్ మాట్లాడేవాళ్ళు. 587లో రాజు రెకారెడ్ క్యాథలిక్ అయ్యాడు, 589లో టొలేడో సభలో రాజ్యం మొత్తం మారింది. ఏరియన్ పుస్తకాలు తెప్పించి తగలబెట్టించాడని ఒక పాత చరిత్ర చెప్తుంది. ఆ పుస్తకాల్లో ఎన్ని గోతిక్‌లో ఉండేవో ఇప్పుడు తేల్చలేం, స్పెయిన్‌లో మాత్రం ఒక్క గోతిక్ పుస్తకం కూడా మిగల్లేదు.

రవెన్నాలో సాంట్ అపొల్లినారె నువొవో చర్చికి ఎవరైనా వెళ్తే కుడి వైపు గోడ మీద రాజభవనం మొజాయిక్ చూడండి. థియొడోరిక్ కట్టించిన చర్చి అది, భవనం స్తంభాల మధ్య ఆయన కొలువులో మనుషుల బొమ్మలు ఉండేవి. 560ల్లో చర్చి క్యాథలిక్‌ల చేతికి వచ్చాక ఆ మనుషులను పీకేసి, వాళ్ళ చోట తెల్లటి తెరలు పెట్టారు. స్తంభాల మీద పడిన చేతులు మాత్రం తీయలేదు, ఇప్పటికీ స్తంభానికి అతుక్కుని చెయ్యి ఒక్కటీ కనిపిస్తుంది, మనిషి ఉండడు. గోత్‌ల పుస్తకాలకూ ఇంచుమించు అలాగే జరిగింది.

క్రిమియాలో 16వ శతాబ్దం దాకా మాట్లాడారట, నిజమా?

అవును. నల్లసముద్రం దగ్గరే ఆగిపోయిన గోత్‌లు క్రిమియా కొండల్లో ఉండిపోయారు. మంగూప్ కొండ దగ్గర తవ్వకాల్లో దొరికిన రాళ్ళ మీద 9వ శతాబ్దం నాటి గోతిక్ గీతలు, ఉల్ఫిలా లిపిలోనే, 2015లో గుర్తించారు. ఆ మంగూప్ రాజధానిగా ఉన్న థియొడోరో అనే చిన్న రాజ్యం 1475లో ఒట్టొమన్ తుర్కుల చేతికి పోయింది.

1560ల మొదట్లో ఒజియే బుస్‌బెక్ అనే ఫ్లెమిష్ రాయబారి ఇస్తాంబుల్‌లో క్రిమియా నుంచి వచ్చిన ఇద్దరు మనుషులను కలిశాడు. అందులో పొడుగ్గా, చూడ్డానికి డచ్చివాడిలా ఉన్న మనిషికి సొంత భాష మర్చిపోయింది. రెండో ఆయన పుట్టుకతో గ్రీకువాడు, వాళ్ళ మధ్య బతికి భాష నేర్చుకున్నాడు. మనకు క్రిమియన్ గోతిక్ అంటూ దొరికిందంతా ఈ గ్రీకాయన చెప్పగా బుస్‌బెక్ తన చెవికి వినిపించినట్టు రాసుకున్న ఎనభై దాకా మాటలు, ఒక పాట ముక్క. 1589లో అచ్చయ్యాయి. "హుస్" ఇల్లు, "హందా" చెయ్యి, "అపెల్" యాపిల్, "బ్రూదర్" అన్నదమ్ముడు. వందకు "సాద", వెయ్యికి "హజెర్" అన్నారు, అవి ఇరానీ భాషల నుంచి వచ్చి చేరినవి. హైదరాబాద్‌లో వినే "హజార్" కూడా పర్షియన్ నుంచి వచ్చిందే. ఎక్కడి క్రిమియా, ఎక్కడి చార్మినార్! 1778లో రష్యా వాళ్ళు క్రిమియా క్రైస్తవులను అజోవ్ తీరానికి తరలించారు. ఆ తర్వాత ఈ భాష ఊసే లేదు.

జర్మన్లు, స్వీడిష్ వాళ్ళు "మేమే గోత్‌ల వారసులం" అంటారు, అది?

ఇది పాత పోటీ. 1434లో బాసెల్ చర్చి మహాసభలో స్వీడన్ బిషప్ రాగ్‌వాల్డి, గోత్‌లు మా దేశం నుంచే వెళ్ళారు కాబట్టి పై వరస కుర్చీ మాకివ్వాలన్నాడు. స్పెయిన్ వాళ్ళు, ధైర్యం ఉన్నవాళ్ళంతా బయల్దేరి మా దగ్గరికొచ్చారు, ఇంట్లో ఉండిపోయినవాళ్ళ సంతానం మీరు అన్నారట. అది సరదా. 20వ శతాబ్దంలో జరిగింది సరదా కాదు. నాజీలు పోలండ్ రేవు గ్డినియాకు గోటెన్‌హాఫెన్ అని పేరు మార్చారు, క్రిమియాను ఆక్రమించి సెవస్తొపోల్‌కు థియొడోరిక్ పేరు పెట్టాలనుకున్నారు. ఒకప్పుడు గోత్‌లు ఉన్నారు కాబట్టి నేల మాదే అనే వాదన అది. నిజానికి గోత్‌లు స్పెయిన్‌లో, ఇటలీలో, బాల్కన్‌లలో, క్రిమియాలో చుట్టుపక్కల జనంలో కలిసిపోయారు. వాళ్ళ వారసత్వం ఏ ఒక్క దేశం సొత్తూ కాదు.

ఇవాళ ఏమైనా మిగిలిందా?

పేర్లు! రొడ్రిగో, ఫెర్నాండో, అల్ఫొన్సో, గొన్సాలో, అల్వారో లాంటివి విసిగోత్‌ల పేర్ల నుంచి వచ్చినవే. పోర్చుగీసు వాళ్ళతో అవి గోవా చేరి ఫెర్నాండెజ్, రొడ్రిగ్స్, గొన్సాల్వెస్, అల్వారెస్ అనే ఇంటిపేర్లయ్యాయి. ఎండాకాలం బజారులో కొనే అల్ఫొన్సో మామిడి కూడా ఉంది చూశారూ, అది పోర్చుగీసు గవర్నర్ అఫోన్సో డి అల్బుకెర్క్ పేరు మీద వచ్చింది.

నేర్చుకోవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

తప్పకుండా. ఇంగ్లీషు వచ్చి, బడిలో కాస్త సంస్కృతం చదివి ఉంటే ఇంకా సులువు, విభక్తులు, ద్వివచనం చూసి బెదిరిపోరు. జోసెఫ్ రైట్ వ్యాకరణం 1910ది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పాఠం మొత్తం, ప్రతి మాటకూ వ్యాకరణ వివరంతో సహా, ఆంట్‌వెర్ప్ విశ్వవిద్యాలయం వాళ్ళ ప్రాజెక్ట్ వుల్ఫిలా సైట్‌లో ఉంది. నా సలహా: లిపితో కుస్తీ పట్టకండి, పండితులు కూడా రోమన్ అక్షరాల్లోనే చదువుతారు. ముందు సర్వనామాలు, "ఉండు" క్రియ నేర్చుకుని నేరుగా మార్కు సువార్తలోకి దిగండి. వాక్యాలు చిన్నవి, కథ వేగంగా నడుస్తుంది, పక్కన తెలుగు బైబిల్ తెరిచి పెట్టుకుంటే అర్థం కోసం నిఘంటువు దాకా పోనక్కర్లేదు. రాసిన ఏ రెండు పుస్తకాలూ అచ్చుల ఉచ్చారణ ఒకేలా చెప్పవు, ముఖ్యంగా "అయి", "అవు"ల దగ్గర. ఏదో ఒక పద్ధతి పట్టుకుని, గట్టిగా పైకి చదువుతూ పోండి.